ఉరుకుందు పదకొండు వంతులు

కాలువ వదిలిన 41వ రోజు

గేజి నాలుగు అడుగుల రెండు అంగుళాలు. పొద్దున్నే తూము ముందు పేరుకున్న నాచు తీశాను. తూము తలుపు మరకు గ్రీజు పెట్టాను. పది గంటలకు మంగళవారం వంతులు వదిలాను. వాటిలో మూడు ఉరుకుందువి. అతనికి సొంత చేను లేదు. తన నీళ్లను తిక్కన్నకూ మరో నలుగురికీ ఇచ్చి పంటలో పాలు తీసుకుంటాడు. మా పందొమ్మిదో తూము బుట్టబంతి జట్టులో అందరి జీతమూ నీళ్లే. మిగతావాళ్లకు మూడో నాలుగో వంతులు. ఉరుకుందుకు పదకొండు.

మధ్యాహ్నం తూము గదిలో పెట్టె మాట్లాడింది. కాలువ మొత్తానికి నీళ్లు పంచే యంత్రాన్ని మేము పంపకం అంటాము. దాని గొంతు ఆ పెట్టెలోంచి వస్తుంది.

"పందొమ్మిదో తూము. ఆటగాళ్ల జీతాలు నలభై ఆరు వంతులు. పరిమితి నలభై. పరిమితి దాటడం ఇది వరసగా మూడో ఏడు. ఎక్కువైన వంతుకు మూడు రోజుల చొప్పున పద్దెనిమిది రోజులు తూము మూయబడుతుంది. డెబ్బయ్యో రోజు మొదలు."

రెండుసార్లు చెప్పింది. పరిమితి దాటిన మొదటి ఏడాది వంతుకు ఒక రోజు మూసింది. నిరుడు రెండు రోజులు.

డెబ్బయ్యో రోజుకు వేరుశనగ ఊడలు దిగుతుంటాయి. పద్దెనిమిది రోజులు తడి లేకపోతే ఊడ గట్టినేలలోకి పోదు. కాయ ఉండదు.

జట్టు వ్యవహారాలు చూసే మద్దిలేటికి వెళ్లి చెప్పాను. ఆయన గొర్రె కాలి గిట్ట చెక్కుతూ విన్నాడు.

"నేను నిరుడే చెప్పింటి గదా మారెక్కా, ఆ కాగితం మనల్ని ముంచుతాదని" అన్నాడు.

నిరుడు ఆయన ఏమీ చెప్పలేదు. కాగితం రాసింది కూడా ఆయనే. నాలుగేళ్ల కిందట కాలువ కప్పు గెలిచిన సాయంత్రం, అరిచి అరిచి గొంతులు పోయినవాళ్లమంతా ఆట జరిగే కళ్లంలోనే కూర్చుని రాయించాము. ఉరుకుందుతో అయిదేళ్లకు. ఏటా ఒక వంతు పెంచుతూ. అప్పటికే ఉరుకుందుకు ముప్పై రెండేళ్లు.

పంపకానికి పంపే పుస్తకం వేరు. అందులో గేజి, వంతులు, ఆటలో ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, పాయింట్లు ఎన్ని, ఇవే రాస్తాను. ఇది ఇంట్లో పెట్టుకునేది.

44వ రోజు

గేజి నాలుగు మీద రెండు. మద్దిలేటి ముప్పై ఒకటో తూముకు వెళ్లి వచ్చాడు. ఉరుకుందును వాళ్లకు ఇచ్చేసి, బదులుగా నాలుగు వంతుల మనిషిని తెచ్చుకోవాలని. ఒక్క వంతు కూడా పరిమితి దాటదు అప్పుడు.

"ఏమన్నారు?"

"నగినారు. మీ వాని మోకాలు మా దొడ్డి తలుపు మాదిరి కిర్రుమంటాదంట గదా అన్నారు. ఊరికే ఇస్తే గూడా వద్దంట. పైన ఏమన్నా కలపాలంట."

"ఏం కలపాలంట?"

"రాబోయే రెండేండ్ల మొదటి కోరిక."

కొత్త ఆటగాళ్లను ఏటా కాలువలోని తూములన్నీ ఒకదాని తరువాత ఒకటి కోరుకుంటాయి. మా మొదటి కోరికలు రెండేళ్లవీ ఇదివరకే వేరే తూముకు ఇచ్చేశాము. కప్పు గెలిచిన ఏడు, ఉరుకుందుకు తోడుగా ఒక పొడుగు మనిషి కావాలని. ఆ పొడుగు మనిషి మరుసటి ఏడే వెళ్లిపోయాడు. మద్దిలేటికి ఇది గుర్తులేదు. ముప్పై ఒకటోవాళ్లు గుర్తు చేశారట.

46వ రోజు

వాన రాలేదు. తూము గదిలో కూర్చుని మద్దిలేటీ నేనూ నిబంధనలు చదివాము. ఆయన కళ్లద్దాలు తేలేదు, నేనే పైకి చదివాను.

జట్టులోంచి తీసేస్తే ఏమవుతుంది? కాగితం గడువు తీరేదాకా వంతులు మా లెక్కలోనే ఉంటాయి. ఆడకపోయినా ఉంటాయి. అంటే వచ్చే ఏడు అతనికి పన్నెండు, పరిమితి మీద ఎక్కువ ఏడు వంతులు, వంతుకు నాలుగు రోజులు.

ఒక్క దారి ఉంది. పోటీ ఆటలో దెబ్బ తగిలి ఇక ఎన్నటికీ ఆడలేడని కాలువ డాక్టరు రాసిస్తే, ఆ రోజు నుంచి వంతులు మా లెక్కలోంచి పోతాయి. జరిమానా రద్దు. అతని నీళ్లు పెద్ద కాలువ నుంచి పంపకమే ఇస్తుంది.

"అంటే వానికేం నష్టం లేదు" అన్నాడు మద్దిలేటి.

కింద ఇంకో ముక్క ఉంది. దెబ్బ తగలాలని తూమువాళ్లు కోరినట్టు తేలితే వంతులు లెక్కలోనే ఉంటాయి, మూత రెండింతలు. అదీ చదివాను. మద్దిలేటి లేచి నిలబడి పంచె దులుపుకున్నాడు.

"ముందు డాక్టర్ను పిలిపిద్దాం. ఇప్పుడే పనికిరాడంటాడేమో. అప్పుడు ఏ బాధా ఉండదు" అన్నాడు.

49వ రోజు

డాక్టరు బండి వచ్చింది. కుర్రవాడు. ఉరుకుందు ఎడమ మోకాలికి పట్టీ చుట్టి తెర మీద చూశాడు. ఉరుకుందు బండి అరుగు మీద కాలు చాచుకుని, వేరేవాళ్ల కాలును చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

"సగం అరిగింది. ఇప్పట్లా ఆటకు పది నిమిషాలు ఆడుకుంటే కాగితం గడువు దాటుతాడు. మానేస్తే ముసలితనం దాకా నడుస్తాడు. పనికిరాడని మాత్రం రాయలేను."

మద్దిలేటి డాక్టర్ను బండి వెనక్కి తీసుకుపోయాడు. నేను నీళ్ల చెంబు పట్టుకుని పక్కనే ఉన్నాను.

"పది నిమిషాలు గాకుండా నలభై ఆడితే ఏమైతాది సార్?"

డాక్టరు వంగి బూటు తాడు కట్టుకున్నాడు. అది ఊడిపోయి లేదు. విప్పి మళ్లీ కట్టుకున్నాడు. నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

51వ రోజు

గేజి నాలుగు మీద ఒకటి. కళ్లంలో చెప్పుల లెక్క జరిగింది.

మా తూములో పెద్ద విషయాలు ఇలాగే తేలుస్తాము. కళ్లం మధ్యలో మోకు వేస్తాము. పెద్దవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి ఎడమ చెప్పు తూర్పునో పడమరనో వదిలి, వెనక్కి చూడకుండా పోవాలి. పొద్దు వాలేదాకా చెప్పులు అక్కడే ఉంటాయి. ఎవరు ఎటు పెట్టారో తెలియకూడదని ఈ ఏర్పాటు. ఎవరి చెప్పు ఎవరిదో అందరికీ తెలుసు.

మద్దిలేటి చెప్పింది ఇంతే: "ఉరుకుందును ఇంక ప్రతి ఆటలో నలభై నిమిషాలూ ఆడించాలనేటోళ్లు తూర్పు. వద్దు, మూతకు ఓర్చుకుంటామనేటోళ్లు పడమర."

నలభై నిమిషాలు ఆడిస్తే తూము ఎందుకు మూయరని ఎవరూ అడగలేదు. డాక్టరు వచ్చి వెళ్లిన సంగతి అందరికీ తెలుసు.

మూడు గంటలప్పుడు ఉరుకుందు వచ్చాడు. లెక్క రాయడానికి నేనూ, కాపలాకు మద్దిలేటీ తప్ప ఎవరూ లేరు.

"నీకు లెక్కలో పాలు లేదు గదప్పా. నువ్వు నాలుగో తూమోనివి" అన్నాడు మద్దిలేటి.

"ఎనిమిదేండ్లాయె ఈడికొచ్చి. చెరువులో చేపైనా మీది అయిపోయింటాది ఈపాటికి."

చెప్పు విడిచి తూర్పున పెట్టాడు. అతని చెప్పు మా చెప్పులకు ఒకటిన్నర ఉంటుంది. పక్కనున్న నాలుగు చెప్పులను కాలితో కొంచెం జరిపి చోటు చేసుకున్నాడు.

నాకు అడగాలనిపించింది. "ఎందుకట్ల పెడితివి?"

"పడమర పెట్టింటే రేపట్నుంచి మీ అందరి మొగాలు ఎట్ల జూసేది అక్కా?"

ఒక కాలు ఉత్తదే వేసి, ఎండకు కాలే నేలకు పాదం ఆనకుండా అంచుల మీద అడుగులు వేస్తూ వెళ్లిపోయాడు.

తూర్పు 212. పడమర 37. నాది తూర్పునే ఉంది.

54వ రోజు

ఇరవై రెండో తూముతో ఆట, మా కళ్లంలో. దుమ్ము లేవకుండా ఎప్పటిలాగా పొద్దున రెండు కుండల నీళ్లు చల్లాను.

ఉరుకుందు నలభై నిమిషాలు ఆడాడు. ఇరవై ఆరు పాయింట్లు వేశాడు. గెలిచాము.

పరుగు తగ్గించాడు. మునుపు ముగ్గురిని తప్పించుకుని రింగు కిందికి పోయేవాడు. ఇప్పుడు దూరంగానే నిలబడి, బంతి రాగానే వేస్తున్నాడు. ఇరవై రెండోవాళ్లకు అది అందలేదు.

అతను పైకెగిరిన ప్రతిసారీ జనం చూసింది బంతిని కాదు. బంతి రింగులో పడ్డాక కూడా కిందికే చూస్తున్నారు. ఎవరూ అరవలేదు. ఇరవై రెండో తూము ఆటగాడు ఒకడు నా దగ్గరికి వచ్చి నీళ్లు తాగుతూ అడిగాడు.

"మీ ఊర్లో ఎవురన్నా సచ్చిపోయినారా అక్కా?"

లేదన్నాను.

58వ రోజు

గేజి నాలుగు మీద ఒకటి. పదహారో తూముకు పోయి ఆడారు. నలభై నిమిషాలు. గెలిచారు. వరసగా రెండు గెలిచినందుకు ఒక పూట నీళ్లు ఎక్కువ వచ్చాయి. తిక్కన్న తూము గట్టు మీద కూర్చుని వేళ్ల మీద లెక్క వేశాడు.

"ఇట్ల గెలుస్తా పోతే పూటలు పూటలు చేరి మూత తీరిపోదా మారెక్కా?"

"రోజుకు రెండు పూటలు. ముప్పై ఆరు పూటలు కావాల."

"ఎన్ని ఆటలుండాయి?"

"రెండు."

తిక్కన్న వేళ్లు ముడిచేశాడు. "అయితే మోకాలే" అన్నాడు. తరువాత తను అన్నది తనకే వినబడినట్టు గట్టు దిగి వెళ్లిపోయాడు.

60వ రోజు

ఉరుకుందు భార్య సాలమ్మ తూము దగ్గరికి వచ్చింది. బట్టల మూట తెచ్చింది గానీ ఉతకలేదు.

"రాత్రిళ్లు పాకుతాండాడు. బయటికి పోవాలంటే గోడ పట్టుకొని, గోడ లేని కాడ నన్ను పట్టుకొని. పొద్దున్నే లేసి ఏమీ లేనట్టు బంతి పట్టుకుంటాడు. నీ పుస్తకంలో ఏం రాస్తాండావక్కా?"

"నిమిషాలు."

"చెప్పులు రాసినావా?"

"పంపకానికి పోయే దాంట్లో రాయలేదు."

"రాయి. అది చదివితే ఆట నిలబెడతాది గదా."

మూత రెండింతలవుతుందని చెప్పాను. ముప్పై ఆరు రోజులు.

"కానీలే" అంది సాలమ్మ. "మీ చెనిక్కాయ మళ్లీ ఏడు వస్తాది."

ఆమె కాసేపు నీళ్ల వైపు చూసింది.

"నీ మీద కోపం లేదక్కా. నువ్వూ తూర్పే పెట్టినావంట గదా. ఉంగటం తెగిన చెప్పు నీదే గదా."

మూట ఎత్తుకుని వెళ్లిపోయింది. పంపకానికి పోయే పుస్తకంలో ఈ రోజు గేజి మాత్రం రాశాను.

62వ రోజు

ఇరవై ఏడో తూముతో ఆట, వాళ్ల ఊళ్లో. నలభై నిమిషాలు. ఓడారు. ఉరుకుందు పద్దెనిమిది వేశాడట. తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్టరు ట్రాలీలో అందరూ నిలబడితే అతన్ని పడుకోబెట్టుకొచ్చారు. మోకాలు పనసకాయంత అయింది. అయినా డాక్టరు బండిని పిలిపిస్తే, వాపే, విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది అన్నాడట. పనికిరాడని రాయలేదు.

65వ రోజు

గేజి నాలుగు. మద్దిలేటి పొద్దున్నే వచ్చి తూము మెట్ల మీద కూర్చున్నాడు. రేపు ముప్పై ఒకటోవాళ్లతో ఆట. డెబ్బయ్యో రోజుకు ముందు ఇక ఆటలు లేవు.

"రేపు కళ్లంలో రెండు కుండలు గాకుండా నాలుగు చల్లు. రింగు కింద."

ఏమంటున్నాడో అర్థమైంది. మా కళ్లం బంకమన్ను. ఎక్కువ తడిస్తే జారుతుంది.

"తూర్పు పెట్టినా గానీ, అది మాత్రం నాతో కాదు" అన్నాను.

"రెండిట్లో తేడా ఏముందక్కా?"

వెక్కిరింపుగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. నేను కుండలు ఆయన ముందుకు జరిపాను.

"నువ్వే చల్లుకో" అన్నాను.

ఆయన కుండల వైపు చూశాడు. "నాతో గూడా కాదులే" అని లేచాడు.

66వ రోజు

రెండు కుండలే చల్లాను. ఆట మొదలయ్యేసరికి కళ్లం ఆరిపోయింది.

ఊరంతా వచ్చింది. చేలల్లో పని వదిలి వచ్చారు. పడమర పెట్టినవాళ్లూ వచ్చారు. ముప్పై ఒకటోవాళ్లు అతని ఎడమ పక్కకే పదే పదే బంతి తిప్పారు. అది ఆటలో తప్పు కాదు.

ముప్పై ఒకటో నిమిషం. ఉరుకుందు దగ్గర ఎవరూ లేరు. బంతి వేసి, కిందికి దిగాడు. ఎండిన చెరుకు గడ విరిచినట్టు చప్పుడైంది. దూరంగా కూర్చున్న నాకు వినబడింది. అతను అరవలేదు. కూర్చుని కాలును రెండు చేతులతో పట్టుకున్నాడు. కాలు పక్కకు తిరిగి ఉంది.

సాలమ్మ ముందు వచ్చింది. తరువాత మంచం తెచ్చారు. మంచం మోయడానికి అవసరానికి మించి మనుషులు వచ్చారు. మోయడానికి చోటు దొరకనివాళ్లు పక్కన నడిచారు. నేను పుస్తకం చంకలో పెట్టుకుని వెనక నడిచాను. ఊరంతా మంచం వెంట వచ్చింది.

ఉరుకుందు పేరు ఎదురుగా 31 అని రాశాను.

68వ రోజు

డాక్టరు వచ్చి చూశాడు. పనికిరాడు అన్నాడు. ఈసారి బూటు తాడు ముట్టుకోలేదు. కాగితం పూర్తి కావడానికి పంపకం ముగ్గురిని అడగాలి. ఉరుకుందు ఇంట్లో మంచం పక్కన ముక్కాలిపీట మీద డాక్టరు చిన్న పెట్టె పెట్టాడు. ఉరుకుందు, సాలమ్మ, నేను. మద్దిలేటినీ మిగతావాళ్లనూ బయటికి పంపారు. వాకిట్లో మనుషులు నిండి ఉన్నారు.

"ఉరుకుందు. ఈ దెబ్బ ఎలా తగిలింది?"

"ఆటలో."

"ఇది జరగాలని పందొమ్మిదో తూములో ఎవరైనా కోరారా?"

ఉరుకుందు పైకప్పు వైపు చూశాడు. పెట్టె తొందరపెట్టదు. ఎంతసేపైనా ఆగుతుంది. వాకిట్లో ఎవరిదో గొర్రె అరిచింది, ఎవరో దాని మూతి పట్టుకున్నట్టున్నారు, సగంలో ఆగిపోయింది.

"లేదు" అన్నాడు.

"సాలమ్మ. మీరు?"

సాలమ్మ మొగుడి వైపు చూసింది. అతను ఆమె వైపు తిరగలేదు.

"ఆయప్ప చెప్పినాడు గదా."

"మీరు చెప్పాలి."

"లేదు" అంది. లేచి వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు. కడిగినవే కడిగింది.

"తూము లెక్కల మనిషి. మీరు?"

నేను లేదన్నాను. నా గొంతు ఎప్పటిలాగే ఉంది. గేజి చెప్పినట్టు చెప్పాను.

పెట్టె కాగితం విడిచింది. జీతాలు ముప్పై అయిదు వంతులు, జరిమానా రద్దు. బయటికి వచ్చి మద్దిలేటికి చూపించాను. కళ్లద్దాలు లేవు, చదివి చెప్పమన్నాడు. చదివాను. ఒక్కొక్కరే చేలకు పోయారు.

70వ రోజు

గేజి నాలుగు మీద ఒకటి. తూము మూయలేదు.

మద్దిలేటి సాయంత్రం వచ్చాడు. పరిమితికి ఇంకా అయిదు వంతులు ఖాళీ ఉన్నాయి గదా, తొమ్మిదో తూములో ఒక మంచి మనిషి ఉన్నాడట, అయిదు వంతులకు రెండేళ్లు వస్తాడట.

"ఈసారి రెండే ఏండ్లు" అన్నాడు. "నేర్చుకున్నాం గదా."

తరువాత ఇంకో మాట చెప్పాడు. ఉరుకుందు ఇంటికి రోజుకొక ఇంటినుంచి అన్నం పోవాలి, ఆ వంతులు కూడా నన్నే రాయమన్నాడు. రాశాను. పడమర పెట్టిన ఇళ్లవాళ్లు కొందరు వచ్చి మమ్మల్ని ఎందుకు రాసినావని అడిగారు. కొట్టేశాను. రాత్రికి వాళ్లే వచ్చి మళ్లీ రాయించుకున్నారు.

79వ రోజు

గేజి నాలుగు మీద రెండు. ఊడలన్నీ దిగాయి. తిక్కన్న ఒక చెట్టు పీకి తెచ్చి చూపించాడు. బఠాణీ గింజంత కాయలు.

ఈ రోజు అన్నం వంతు మాది. జొన్నరొట్టె, గోంగూర పప్పు తీసుకుపోయాను. సాలమ్మ గిన్నె తీసుకుని, నిన్నటివాళ్ల గిన్నె ఎవరిదో అడిగి, దాన్ని నా చేతికే ఇచ్చింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

ఉరుకుందు మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. కాలు తొడ నుంచి మడమ దాకా కట్టి ఉంది. పెద్ద కాలువ దగ్గర ఇల్లు చూసుకున్నారట. పంపకం ఇచ్చే నీళ్లు అక్కడే తీసుకోవాలి. వచ్చే నెలలో పోతారు.

"చేండ్లు ఎట్లుండాయక్కా?"

"బాగుండాయి."

"తిక్కన్నవి?"

"పట్టినాయి."

తల ఊపాడు. రొట్టె తుంచి, తినకుండా చేతిలో పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు నేను ఎన్ని నిమిషాలాడినా?"

"ముప్పై ఒకటి."

"అంటే ఇంకా తొమ్మిది ఉండె. గెలిచినామా?"

నాకు తెలియదు.

పదమూడు రోజులైంది. అతను పడిపోయాక మేమంతా మంచం వెంట వచ్చేశాము. కళ్లంలో మా మిగతా ఆటగాళ్లు, అవతలివాళ్లు తొమ్మిది నిమిషాలు ఆడే ఉంటారు. ఆట మధ్యలో ఆపితే నిబంధన ప్రకారం ఇద్దరికీ నీళ్లు పోతాయి. చూసినవాళ్లు లేరు. ఆ తరువాత ఆ ఆట గురించి ఊళ్లో ఎవరూ మాట్లాడలేదు. నేను అడగలేదు. ఇంటికి వచ్చి రెండు పుస్తకాలూ చూశాను. 66వ రోజు ఎదురుగా నిమిషాలు ఉన్నాయి. పాయింట్ల గడి ఖాళీగా ఉంది.

"రాసుకోలేదప్పా, కనుక్కొని చెప్తా" అని అప్పటికే అతనికి చెప్పి వచ్చాను.

80వ రోజు

గేజి నాలుగు మీద రెండు. తూము గదిలో పెట్టెను అడిగాను. రింగు స్తంభానికి ఉన్న కన్ను పాయింట్లు ఎప్పటికప్పుడు దానికి పంపుతుంది.

"అరవై ఆరో రోజు. పందొమ్మిదో తూము డెబ్బై ఒకటి. ముప్పై ఒకటో తూము డెబ్బై" అంది.

పొద్దున వంతులు వదిలి, ఉరుకుందు ఇంటికి వెళ్లి చెప్పాను. గెలిచినాం, ఒక్క పాయింటు.

"ఆఖరుది ఎవురేసినారు?"

అది అడగలేదన్నాను. అతను సరే అన్నాడు. సాలమ్మ మా గిన్నె కడిగి తెచ్చి ఇచ్చింది.